సమస్యాపూరణం: “దారి తెలియువాఁడె దారిఁ దప్పె”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. బయటివారికి తమ మహానగరం ఎంత తెలిసి ఉండాలని నగరవాసులు ఆశిస్తారన్నది వస్తువు, నగరం హైదరాబాదు. తెలిసినవాడే ఎందుకు తప్పాడో పద్యంలోనే తేలాలి.

కరీంనగర్ సభ్యుడు: గురువుగారికి నమస్కారం.

జూబిలీల రెంటి చోటు లొకటె యంచు
బస్సు దిగిన యతఁడు బరువు మోసి
కొండలేవి యనుచుఁ గూడళ్లఁ దిరుగుచు
దారి తెలియువాఁడె దారిఁ దప్పె

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. కరీంనగర్ వైపు బస్సులు వచ్చి ఆగే జూబ్లీ బస్ స్టేషన్ సికింద్రాబాదులో ఉన్నదనీ, జూబ్లీ హిల్స్ ఎక్కడో పడమట బంజారా హిల్స్ అవతల ఉన్నదనీ లోకమంతటికీ తెలిసినట్లే హైదరాబాదీలు మాట్లాడతారు గనుక చమత్కారం పండింది. అయితే ‘బరువు మోసి’ యతి కోసమే వచ్చి కూర్చుంది. ‘పేరు నమ్మి’ అంటే భావం కుదిరేది గాని బ, పే అక్షరాలకు యతి చెల్లదు. ‘పలుకు నమ్మి’ అనవచ్చు. అప్పటికీ ఒక చిక్కు మిగులుతుంది: ఇతడు దారి తెలుసుననుకున్నవాడే తప్ప తెలిసినవాడు కాడు.

కరీంనగర్ సభ్యుడు: సవరణ శిరోధార్యం. చిక్కును మాత్రం ఒప్పుకుంటాను, తీర్చలేను.

హైదరాబాదు సభ్యురాలు: నా పూరణ.

నగరి చేరి యతిథి నాంపల్లిలో దిగఁ
గాచిగూడ కేగెఁ గారు నడపి
పాతికేండ్లుగ నిట బ్రతికినాఁడఁట వాఁడు
దారి తెలియువాఁడె దారిఁ దప్పె

తెనాలి సభ్యుడు: అమ్మా, తప్పినవాడు నగరవాసే కావడం బాగుంది, సమస్య నిజంగా విడిపోయింది. కాని నాంపల్లి, కాచిగూడ రెండూ రైల్వే స్టేషన్లని పద్యంలో ఎక్కడా లేదు. 1591 నాటి చార్మినారును గాని, హుస్సేన్‌సాగరును గాని ఎవరికీ వివరించనక్కరలేదు. కాచిగూడ తెలియకపోతే మాత్రం అది తెనాలివాడి తప్పు కాదు.

హైదరాబాదు సభ్యురాలు: కాశీ మీది పద్యంలో మణికర్ణిక అంటే ఎక్కడని ఎవరూ అడగరు కదా, నాంపల్లికి మాత్రం పటం గీసి ఇవ్వాలా?

నిర్వాహకుడు: కాశీకి వెళ్లనివారు కూడా మణికర్ణిక పేరు పురాణంలో విన్నారు. నాంపల్లికి ఆ భాగ్యం లేదు. పైగా టికెట్టు మీద ‘హైదరాబాద్’ అని అచ్చయ్యే స్టేషనునే ఊరివారు నాంపల్లి అంటారు గనుక, పరాయి ఊరి ప్రయాణికుడు చేతిలోని కాగితాన్ని నమ్మాలో, ఆటో డ్రైవరు మాటను నమ్మాలో తెలియక నిలబడతాడు. ఊరి పేర్లను విడిచిపెట్టనక్కరలేదు గాని, తెలియనివాడికి ఒక్క ఆనవాలైనా పద్యమే అందించాలి. రెండవ పాదంలో చోటుంది, ఎందుకంటే ‘కారు నడపి’ లేకపోయినా కథకు లోటు లేదు.

హైదరాబాదు సభ్యురాలు: అయితే రెండవ పాదాన్ని ఇలా మారుస్తున్నాను.

కాచిగూడ రైలు గడప కేగె

తెనాలి సభ్యుడు: ఇప్పుడు పటం లేకుండానే తెలిసింది. ఒక్క సందేహం మిగిలింది. పాతికేళ్లుగా అక్కడే ఉన్నవాడు బయలుదేరే ముందు అతిథికి ఫోన్ చేసి ఏ స్టేషనో అడగలేదా?

హైదరాబాదు సభ్యురాలు: అడిగాడండీ. అతిథి టికెట్టు చూసి, హైదరాబాద్ స్టేషన్‌లో దిగానని చెప్పాడు.