అప్‌డేట్: బజారులో గుండెదడ, ఊపిరాడకపోవడం – కారణం తెలిసింది

నల్లగొండ ప్రకాశం బజారుకు వెళ్తే గుండె దడదడలాడి, ఊపిరాడక, సంచి వదిలేసి బయటికి వచ్చేస్తున్నానని మూడు నెలల కిందట ఈ గ్రూపులో అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏ లోపమూ లేదు. గ్యాస్ మాత్రలు అనవసరంగా మింగాను. మానసిక వైద్యురాలు పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం) అని తేల్చారు. సాధారణంగా పది నిమిషాల్లోపే తీవ్రస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుతుందని, పారిపోతే భయం ముదురుతుందని వివరించారు. ‘కొంచెం కొంచెంగా వెళ్లు’ అని ఇక్కడ ఒక అక్క చెప్పిన సలహాయే వైద్యురాలు కూడా ఇచ్చారు. మొదట జనం లేని వేళ కిరాణా దుకాణం, తర్వాత సాయంత్రపు రద్దీ. నిన్న బజారులో చేతులకు చెమట పట్టింది. చిక్కుడుకాయలు ఒక్కొక్కటే ఏరుతూ ఊపిరి నిదానంగా వదిలాను. తగ్గింది. చిల్లర లెక్కపెట్టుకునే వచ్చాను! వైద్యుల దగ్గరికి వెళ్లలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.