సాలూరు నుంచి అమ్మను విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి (కేజీహెచ్) తీసుకెళ్తున్నాం, తెలిసినవారు చెప్పగలరా?

సాలూరు అమ్మాయి:

నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్ళు. రెండు నెలలుగా కాళ్ళు వాస్తున్నాయి, అన్నం సహించడం లేదు. ఇక్కడి డాక్టరు గారు రక్తపరీక్షలు చూసి, కిడ్నీ డాక్టరుకు చూపించాలంటూ విశాఖపట్నం కేజీహెచ్‌కు చీటీ రాసిచ్చారు. సోమవారం మొదటి బస్సుకు బయలుదేరాలని అనుకుంటున్నాం. విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్సు దాటి నేనెప్పుడూ వెళ్ళలేదు. అక్కడికి చేరాక ఏం చేయాలి, వెంట ఏమేం ఉండాలి?

ఇంకో ఇబ్బంది అమ్మ భయం. "అది పట్నం వాళ్ళ ఆసుపత్రి, మనల్ని ఎవరు పట్టించుకుంటారు" అంటోంది. కుట్టు మిషను అమ్మేసి ప్రైవేటుకు వెళ్దామని పట్టుబడుతోంది. ఆమెకు ఏం చెప్పాలో తోచడం లేదు.

తెల్లచీర:

అమ్మా, నేను ఆ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా 31 ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ముందు మీ అమ్మగారి మాటకే జవాబు చెబుతాను. అది పట్నం వాళ్ళ ఆసుపత్రి కాదు. మొదటి రోజు నుంచీ మీదే.

ఆ ఆసుపత్రి 1923 జులై 19న ప్రారంభమైంది. అప్పటి మద్రాసు రాష్ట్ర ప్రధాని (అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) పానగల్ రాజా రామరాయణింగారు వచ్చి ప్రారంభించారు. అప్పుడు రాజ్యమేలుతున్న ఐదో జార్జి పేరు పెట్టారు. అదే ఏడాది దాని పక్కనే 32 మంది విద్యార్థులతో వైద్య కళాశాల మొదలైంది. 1940లో ఆంధ్ర వైద్య కళాశాలగా పేరు మారింది ఆ కాలేజీకే. మన పిల్లలు డాక్టరు చదువుకు మద్రాసు రైలెక్కనక్కర లేకుండా పోయింది.

ఆనాటి విశాఖపట్నం జిల్లా ఎంతవరకు ఉండేదో మీ అమ్మగారికి చెప్పండి. మీ సాలూరు అందులోదే. ఘాట్ ఎక్కితే వచ్చే కొరాపుట్, జయపురం కూడా అందులోవే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్ళాయి. 1950లో సాలూరు శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. గీతలు ఎన్నిసార్లు మారినా, జబ్బు ముదిరితే జనం దిగి వచ్చే దారి మారలేదు. పాడేరు, అరకు, రాయగడ, మల్కనగిరి నుంచి మూటలతో వచ్చే మనుషుల్ని నేను రోజూ చూశాను. వాళ్ళు వస్తారనే కదా అక్కడ వెయ్యికి పైగా పడకలు ఉన్నది! నాకు వచ్చిన ఒడియా అంతా వార్డులో రోగుల దగ్గర నేర్చుకున్నదే.

ఇక పనిలోకి వద్దాం. సోమవారం ఓపీ కిటకిటలాడుతుంది. కొన్ని ప్రత్యేక విభాగాలకు వారంలో ఫలానా రోజులని ఉంటాయి కాబట్టి, చీటీ రాసిన డాక్టరు గారినే ఏ రోజు వెళ్ళాలో అడగండి. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ రోజు కోసం చూడకండి. 108కి ఫోను చేయండి. క్యాజువాలిటీ రాత్రీ పగలూ ఉంటుంది.

ఆధార్, బియ్యం కార్డు, వాటి జిరాక్సులు, ఆధార్‌కు లింకైన ఫోను, పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. వాడుతున్న మాత్రల అట్టలు కూడా తెండి. పేరు గుర్తులేక "తెల్ల మాత్ర" అని చెబితే డాక్టరుకు ఏం తెలుస్తుంది? ఒక దుప్పటి, చాప, గ్లాసు, మంచినీళ్ళు ఉండాలి. చేర్చుకుంటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏం వర్తిస్తుందో, ఆ పథకం గురించి సాయం చేసే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. డాక్టరు చూసేదాకా ఒళ్ళునొప్పుల మాత్రలు, పసరు మందులు అమ్మగారికి ఇవ్వకండి. అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. డయాలసిస్ దాకా వచ్చినవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి నొప్పుల మాత్రలు మింగినవాళ్ళే. చూసి చూసి నా కడుపు తరుక్కుపోయేది.

పట్టించుకుంటారా అన్నారు. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకైన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. తెల్లవారకముందే వందల మంది వచ్చారు. పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చిన వాళ్ళలో సగం మందికి ఆ పిల్లలు ఎవరి బిడ్డలో తెలియదు. కరోనా రోజులు, అందరం అప్పటికే అలసి ఉన్నాం. అయినా ఇంటికి వెళ్ళినవాళ్ళు కూడా తిరిగొచ్చారు. ఆ దుర్ఘటనలో పన్నెండు మంది పోయారు. బతికిన పిల్లల కళ్ళు కడిగిన చేతులివి. క్యూలో నిలబడాల్సి వస్తుంది, ఒక్కోసారి విసురుగా మాట్లాడేవాళ్ళూ తగులుతారు. కానీ మిషను మాత్రం అమ్మకండి.

రాయగడ తెలుగు:

నర్సమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. కొరాపుట్‌లో 2017 నుంచి మెడికల్ కాలేజీ ఉన్నా, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ముందు విశాఖ పేరే చెబుతారు.

ఇది చదివే మిగతావారికి ఒక విషయం. అన్ని జబ్బులకూ కేజీహెచ్ ప్రాంగణంలోనే చూడరు. కళ్ళకు ప్రాంతీయ కంటి ఆసుపత్రి, చెవి ముక్కు గొంతుకు ఇంకో ఆసుపత్రి, ఊపిరితిత్తులకు ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యశాల, ఇవన్నీ వాల్తేరు వైపు ఉన్నాయి. కాన్పులకు కేజీహెచ్‌తో పాటు పాతకాలం నుంచీ ఘోషా ఆసుపత్రి ఉంది. ఇది తెలియక మా నాన్నను కంటి శుక్లానికి ముందు కేజీహెచ్‌కు తీసుకెళ్ళాను, ఒక పూట వృథా అయింది.

గజపతినగరం:

విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కదా, అక్కడ చూపిస్తే దగ్గర కాదా?

తెల్లచీర:

జ్వరాలకు, కాన్పులకు, మామూలు ఆపరేషన్లకు దగ్గరలోనే చూపించుకోవాలి బాబూ. అలా చేస్తే కేజీహెచ్‌లో అవసరమైనవాళ్ళకు మంచం దొరుకుతుంది. కానీ ఇక్కడ డాక్టరు గారు కిడ్నీ నిపుణుడికే చూపించమని రాశారు. అలాంటప్పుడు దారిలో ఇంకో చోట ఆగి రోజులు పోగొట్టుకోకూడదు.

సాలూరు అమ్మాయి:

అందరికీ దండాలు. డాక్టరు గారు చెప్పినట్టు బుధవారం వెళ్ళాం. ఆటో దిగేముందు "కేజీహెచ్ అప్పా, డౌనా" అని అడిగారు, ఏం చెప్పాలో తెలియక చీటీ చూపించాను. కొండవాలు మీద కట్టిన ఆసుపత్రి కాబట్టి పైన ఒక దారి, కింద ఒక దారి ఉంటాయట. మధ్యాహ్నానికి అమ్మను చేర్చుకున్నారు. స్కానింగు అయింది, రేపు మళ్ళీ రక్తం తీస్తారు. మోకాళ్ళ నొప్పులకని మూడేళ్ళుగా వేసుకుంటున్న మాత్రల అట్ట చూపిస్తే డాక్టరు వెంటనే మాన్పించేశారు.

పక్క మంచం మీద పొట్టంగి నుంచి వచ్చిన ఆమె ఉంది. సాలూరు ఘాట్ దిగే వచ్చారట. నిన్న రాత్రంతా అమ్మ ఆమెతో ఒడియాలో మాట్లాడుతూనే ఉంది. అమ్మకు ఆ భాష అంత ధారాళంగా వచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.