బంతి వెనక్కి వెళ్తే 25 కలపాలా, తీసేయాలా?

ఇంటర్ ఫిజిక్స్ లెక్క. 0.16 కిలోల క్రికెట్ బంతి సెకనుకు 25 మీటర్ల వేగంతో వచ్చి, బ్యాట్‌కు తగిలి అదే దారిలో వెనక్కి వెళ్తుంది. బలం-కాలం గ్రాఫ్ త్రిభుజం: గరిష్ఠ బలం 10,000 న్యూటన్లు, సమయం 2 మిల్లీసెకన్లు. తగిలాక వేగం కావాలి.

మొదట 10,000ని నేరుగా 0.002తో గుణించాను. చివరికి 150 వచ్చింది (ఏ బ్యాట్స్‌మన్ అంత గట్టిగా కొడతాడు!). తర్వాత త్రిభుజ వైశాల్యం తీసుకుంటే ప్రచోదనం (impulse, అంటే బలం ఆ సమయమంతా చూపిన మొత్తం ప్రభావం) 10 న్యూటన్-సెకన్లు. దాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే 62.5. దిశ మారింది కదా అని 25 కలిపి 87.5 రాశాను. పుస్తకం వెనక జవాబు 37.5. 25 తీసేస్తే సరిగ్గా అదే వస్తోంది, కానీ కారణం అర్థం కాలేదు.

బంతి వెనక్కి తిరిగినప్పుడు తొలి వేగాన్ని కలపకుండా ఎందుకు తీసేయాలి?