ఇంటర్‌లో ఉండి రోబోటిక్స్ పోటీకి వాలంటీర్‌గా వెళ్లొచ్చా? ఎవరైనా వెళ్లినవాళ్లు చెప్పండి

అలిపిరి_కుర్రోడు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది తిరుపతి, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మా హైస్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉండేది, ఎనిమిది నుంచి టెన్త్ వరకు ఖాళీ దొరికితే అక్కడే ఉండేవాణ్ని. ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో లైన్ ఫాలోయర్ (గీత వెంట నడిచే రోబో) చేయడంతో మొదలై, తర్వాత 'ఫస్ట్ లెగో లీగ్' అనే రోబో పోటీకి టీమ్‌గా చెన్నై దాకా వెళ్లాం. కప్పు ఏమీ రాలేదు. కానీ పక్క టీమ్ వాళ్ల అటాచ్‌మెంట్ ఊడిపోతే మా డబ్బాలోంచి పార్టులు ఇచ్చామని తెలిసి ఒక జడ్జి మేడమ్ మా టేబుల్ దగ్గరికి వచ్చి అందరి పేర్లూ అడిగి వెళ్లారు. ఆరోజు నుంచి ఈ పిచ్చి ఇంకా ఎక్కువైంది.

ఇప్పుడు కాలేజీలో ల్యాబ్ అంటే ప్రాక్టికల్స్ ల్యాబే, అది కూడా పరీక్షల ముందు తెరుస్తారు. మా స్కూల్ మేడమ్ ఫోన్ చేసి రెండు అడిగారు. ఆదివారాలు వచ్చి జూనియర్లకు సాయం చేస్తావా అని ఒకటి, ఈసారి పోటీకి వాలంటీర్‌గా పేరు ఇస్తావా అని ఇంకొకటి. నాన్న మాత్రం "ఆ బొమ్మలాట టెన్త్‌తో అయిపోయింది, ఇక ఎంసెట్ చూస్కో" అంటున్నారు. అమ్మ ఏమీ అనదు కానీ వీక్లీ టెస్ట్ మార్కుల మెసేజ్ వచ్చిన రోజు ఇంట్లో టెన్షనే.

వాలంటీర్‌గా వెళ్తే ముందు ముందు ఎక్కడైనా పనికొస్తుందా? అసలు నా వయసు వాళ్లకు ఏం పని ఇస్తారు? ఇంకోటి, జూనియర్ల దగ్గరికి వెళ్తే వాళ్లు ల్యాప్‌టాప్ నా వైపు తోసేసి "అన్నా నువ్వే చేసెయ్" అంటారు, దీనికి ఏం చేయాలి?

మామిడితోట_ఈసీఈ:

తమ్ముడూ, నాది చిత్తూరు, ఈసీఈ థర్డ్ ఇయర్. ఇంటర్ అయిపోయినప్పటి నుంచి ఇలాంటి ఈవెంట్లకు వెళ్తూనే ఉన్నా. వాలంటీర్ అనగానే మెడలో ట్యాగ్ వేసుకుని రోబోల పక్కన ఫొటోలు దిగడం అనుకుంటారు, నిజానికి చానా వరకు నడవడమే. క్యూయింగ్ అని ఒక పని ఉంటుంది, తర్వాతి మ్యాచ్ ఉన్న టీమ్‌ను పిట్‌లో (టీములు రోబోలు సిద్ధం చేసుకునే చోటు) వెతికి పట్టుకుని టైముకు టేబుల్ దగ్గరికి తేవాలి. వాళ్లలో ఒకడు బాత్రూమ్‌కు వెళ్లి ఉంటాడు, ఒకమ్మాయి చివరి నిమిషంలో కోడ్ మారుస్తుంటుంది, కోచ్ ఫోన్ ఎత్తడు. ఇంకోటి ఫీల్డ్ రీసెట్. మ్యాచ్ అయ్యాక రెఫరీ స్కోరు రాసుకుని, పిల్లలు కూడా సరే అన్న తర్వాత, మ్యాట్ మీద మోడల్స్ అన్నీ మళ్లీ మొదట్లో ఉన్నట్టు పెట్టాలి. పైకి ఉండాల్సిన ఒక్క లీవర్ కిందికి ఉన్నా తర్వాత వచ్చే టీమ్‌కు పాయింట్లు పోతాయి. నీ వయసు వాళ్లకు మామూలుగా ఈ రెండూ, స్కోరు షీట్లు మోయడం, రిజిస్ట్రేషన్ టేబుల్ ఇస్తారు. జడ్జింగ్‌కు పెద్దవాళ్లనే పెడతారు, పైగా మీ స్కూల్ టీమ్ కూడా ఆడుతుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పెయ్, నిన్ను ఆ టేబుల్‌కు దూరంగా వేస్తారు. మైనర్ కాబట్టి ఇంట్లో వాళ్ల సంతకం అడుగుతారు, అంటే మీ నాన్నకు చెప్పకుండా వెళ్లే ప్లాన్ ఏమైనా ఉంటే మర్చిపో.

ఇక లాభం. ఆడేటప్పుడు మన రోబో తప్ప ఇంకేమీ కనబడదు. మ్యాచ్ జరిగే రెండున్నర నిమిషాలు అది దానంతట అదే నడవాలి, దాని హోమ్ దాటి బయట ఉన్నప్పుడు చెయ్యి పెడితే టోకెన్ (ముందే ఇచ్చే పాయింట్లు) పోతుంది, గుండె దడదడలాడుతూ ఉంటుంది. రీసెట్ దగ్గర నిలబడితే ఒకే మిషన్‌ను (రోబో చేయాల్సిన పని) ఒక్కో టీమ్ ఒక్కో రకంగా చేయడం ప్రశాంతంగా చూస్తావు. ఒకరు గైరోను (రోబో ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) నమ్ముకుంటారు, ఒకరు ప్రతి మలుపు ముందూ రోబోను గోడకు ఆనించి సరిచేసుకుంటారు, కొందరు ఏడుకొండలవాణ్ని నమ్ముకుంటారు. పొద్దున అన్నీ కొట్టిన రోబో మధ్యాహ్నం ఎందుకు పక్కకు పోతుందో అక్కడే అర్థమవుతుంది. మోటార్‌ను ఇన్ని సెకన్లు అని తిప్పినవాళ్లది బ్యాటరీ కొంచెం దిగగానే దూరం తగ్గిపోతుంది, ఇన్ని రొటేషన్లు అని తిప్పినవాళ్లది అంతగా మారదు. చక్రాలకు దుమ్ము పట్టినా అంతే, తడిగుడ్డతో తుడుచుకునే టీములు చానా తక్కువ.

పెద్ద పిల్లల ఎఫ్‌టీసీకి (ఫస్ట్ టెక్ ఛాలెంజ్, అదీ రోబో పోటీయే) ఎప్పుడైనా వెళ్తే, ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర హెల్పర్‌గా వేస్తే వదులుకోకు. అక్కడ రోబో మొదలుపెట్టేటప్పుడు ఎటు చూసినా 18 అంగుళాల లోపే ఉండాలి, వైరింగ్, ఫ్యూజ్, బ్యాటరీ గట్టిగా కట్టారా లేదా, పదునైన అంచులు ఉన్నాయా, అన్నీ చూస్తారు. ఒక రోజు అక్కడ నిలబడితే వైరింగ్ ఎలా చేయాలో, ఎలా చేయకూడదో రెండూ కనిపిస్తాయి.

సర్టిఫికెట్‌కు మాత్రం జేఈఈలో గానీ ఎంసెట్‌లో గానీ ఒక్క మార్కు కూడా రాదు. బయటి దేశాల్లో డిగ్రీకి అప్లై చేసేవాళ్లకు కొంత పనికొస్తుంది. నీకు ఆ ఆలోచన లేకపోతే కాగితం కోసం అస్సలు వెళ్లకు.

ర్యాంకు_రాజా:

ఇవన్నీ ఎందుకప్పా. రెండేళ్లు కళ్లు మూసుకుని చదివి ఏర్పేడు ఐఐటీలో సీటు కొట్టు, తర్వాత ఎన్ని రోబోలైనా చేసుకో.

అలిపిరి_కుర్రోడు:

కళ్లు మూసుకుంటే చదవడం ఎట్లా అన్నా 😄 సరే, మీరు చెప్పిందీ ఆలోచిస్తా.

ల్యాబ్_సారు:

బాబూ, నేను చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, అటల్ ల్యాబ్ బాధ్యత కూడా నాదే. 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన పథకం ఇది, స్కూలుకు 20 లక్షల వరకు ఇస్తారు, అందులో సగం ల్యాబ్ పెట్టడానికి, సగం ఐదేళ్లు నడపడానికి. డబ్బు వచ్చింది, సామాను వచ్చింది, పిల్లలకు ఆసక్తీ ఉంది. పక్కన కూర్చుని చెప్పే మనిషే దొరకడు. నా పీరియడ్లు, పేపర్లు దిద్దడం, యాప్‌లలో ఫొటోలు ఎక్కించడం అయ్యేసరికి సాయంత్రం బెల్లు కొడతారు. అందుకే మీ మేడమ్ నీకు ఫోన్ చేసి ఉంటారు. పోటీ చూసివచ్చిన పాత విద్యార్థి నెలకు రెండు ఆదివారాలు వచ్చినా మాలాంటి వాళ్లకు పెద్ద అండ.

"నువ్వే చేసెయ్" అనేది మాత్రం తేలికగా తీసుకోవద్దు. నువ్వు పది నిమిషాల్లో చేసేది వాళ్లు రెండు వారాలు తీసుకుంటారు, చూస్తూ కూర్చోవడం చాలా కష్టం, తెలుసు. అయినా కీబోర్డు ముట్టుకోవద్దు. వాళ్లు రన్ నొక్కే ముందు "ఇప్పుడు రోబో ఎటు పోతుంది?" అని అడుగు, నోటితో చెప్పించు, తర్వాత నొక్కనివ్వు. చెప్పినదానికీ జరిగినదానికీ తేడా వస్తే వాళ్లే కోడ్‌లోకి తిరిగి వెళ్తారు. మీరు ఆడిన పద్ధతిలో రోబో ఆటకు నాలుగో వంతే విలువ, మిగతాది రోబో డిజైన్, ఇన్నోవేషన్ ప్రాజెక్టు, కోర్ వాల్యూస్‌కు (టీమ్ కలిసి పనిచేసే తీరు) పోతుంది కదా. జడ్జింగ్ గదిలో కోచ్ నోరు విప్పడానికి లేదు. "ఈ చక్రం ఇంత పెద్దది ఎందుకు పెట్టారు" అని అడిగినప్పుడు అది నువ్వు పెట్టిన చక్రమైతే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జడ్జీలకు అది చాలు.

ప్రాజెక్టు విషయంలో కూడా పిల్లలు ముందు యూట్యూబ్‌కు పోతారు. లెగో లీగ్‌లో ప్రతి ఏడాదీ ఒక థీమ్ ఇస్తారు కాబట్టి అది వేరు, కానీ ఇన్‌స్పైర్ మానక్ లాంటి వాటికి (స్కూలు పిల్లల ఐడియాలకు కేంద్రం ఇచ్చే అవార్డు, ఎంపికైతే పది వేలు వస్తాయి) మన చుట్టూ ఉన్నది తీసుకోవచ్చు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లో పడటం, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడటం, వీటి గురించి ఏ వీడియో కంటే ఇంట్లో తాతే ఎక్కువ చెప్తాడు. ఆ తాతతో మాట్లాడి రాసుకొచ్చిన పిల్లవాడు జడ్జి ముందు తడబడడు.

ఇంకో మాట, ఇది నీకే కాదు, ఇక్కడ చదివే తల్లిదండ్రులకు కూడా. ఈమధ్య స్కూళ్లకు "ఇంటర్నేషనల్ రోబో ఒలింపియాడ్" లాంటి పేర్లతో మెయిళ్లు వస్తున్నాయి. మా పిల్లలను అలాంటి ఒకదానికి తీసుకెళ్తే తలకు ఇంత అని ఫీజు కట్టించుకుని, కిట్ కూడా వాళ్ల దగ్గరే కొనమని, సాయంత్రానికి వచ్చిన ప్రతివాడి మెడలో ఒక మెడల్ వేసి పంపారు. పిల్లలు సంతోషంగానే ఉన్నారు, నాకే కడుపు మండింది. రూల్ బుక్ ముందే బయట పెట్టారా, మార్కులు దేనికి ఎన్ని అని రాసి ఉందా, ఓడిపోయిన టీమ్‌కు ఎందుకు ఓడిపోయిందో చెప్తారా, ఇవి అడగండి. జవాబు రాకపోతే బస్సు ఛార్జీలు మిగుల్చుకోండి.

భవానీనగర్_అమ్మ:

సారు చెప్పింది నిజం, మెడల్స్ మా ఇంట్లో కూడా ఒక డబ్బా నిండా ఉన్నాయి.

నాన్నా, మీ నాన్నగారి వైపు నుంచి ఒక్కసారి చూడు. ఆయనకు రోబో అంటే కోపం కాదు, ఎన్ని రోజులు పోతాయో తెలియకపోవడం భయం. మా పెద్దవాడు ఇంటర్‌లో ఉన్నప్పుడు "ఒక గంట ల్యాబ్‌కు పోయొస్తా" అని వెళ్లి రాత్రి భోజనాలకు వచ్చేవాడు, గొడవంతా అక్కడే. నువ్వు తేదీలు కాగితం మీద రాసి ఆయన చేతికి ఇవ్వు. ఏ ఆదివారం, ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వస్తావు, ఏ టెస్ట్ ముందు వెళ్లవు, పోటీ రోజు ఎవరితో వెళ్తున్నావు, ఇవన్నీ. మీ మేడమ్‌తో ఒకసారి ఆయనకు ఫోన్ చేయించు. టీచర్ మాట మీద మన ఇళ్లలో ఇంకా గౌరవం ఉంది.

లాభం ఏంటి అంటావా, మన ఊళ్లో కూర్చుని ఆ ప్రశ్న అడుగుతావా? కొండ మీద శ్రీవారి సేవకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి క్యూలో వాళ్లకు అన్నం వడ్డించి వెళ్లేవాళ్లు ఏ సర్టిఫికెట్ చూసుకుని వస్తున్నారు. కాకపోతే ఫిబ్రవరి-మార్చిలో పబ్లిక్ పరీక్షలు, జనవరి దాటాక మాత్రం వద్దు. ఇది నేను అమ్మగా చెప్తున్నా.

అలిపిరి_కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆంటీ చెప్పినట్టే కాగితం రాసి ఇచ్చాను. నాన్న చదివి, "డిసెంబర్ వరకే" అని కింద పెన్నుతో రాసి వెనక్కి ఇచ్చారు. మేడమ్‌కు కూడా నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం దాకానే అని మెసేజ్ పెట్టాను. సార్, కీబోర్డు ముట్టుకోకుండా కూర్చోవడం మీరు చెప్పినంత కష్టంగానే ఉంది, నిన్న చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నా.

ఈసీఈ అన్నా, ఒక డౌట్. పోటీకి ముందు స్కూల్లోనే చిన్న రోబో సాకర్ పెడుతున్నారు, ఆర్డునో ఊనో, హెచ్‌సీ-05 బ్లూటూత్, ఫోన్‌లో కంట్రోల్. ప్రాక్టీస్‌లో ఒకడు ముందుకు నొక్కితే పక్కోడి రోబో కదులుతోంది. పిల్లలు దయ్యం అంటున్నారు. నేను ఏం చెప్పాలి?

మామిడితోట_ఈసీఈ:

😂 దయ్యం కాదు, అన్ని మాడ్యూళ్లూ ఫోన్‌లో హెచ్‌సీ-05 అనే కనబడతాయి, పాస్‌వర్డ్ కూడా అన్నిటికీ 1234 అనే వస్తుంది. ఎవడికి ఏది ముందు దొరికితే దానికి కనెక్ట్ అవుతున్నారు. మాడ్యూల్ మీద చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకుని పవర్ ఇవ్వు, లైటు నిదానంగా రెండు సెకన్లకోసారి వెలిగితే ఏటీ మోడ్‌లోకి (మాడ్యూల్ సెట్టింగులు మార్చే మోడ్) వచ్చినట్టు. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లోని సీరియల్ మానిటర్‌లో బాడ్ రేటు (డేటా వేగం) 38400, లైన్ ఎండింగ్ 'బోత్ ఎన్‌ఎల్ అండ్ సీఆర్' అని పెట్టి, ఏటీ కమాండ్‌తో పేరు, పాస్‌వర్డ్ మార్పించు. పేరు మార్చేది కూడా పిల్లలే చేయాలి, వాళ్ల టీమ్ పేరు పెట్టుకుంటే ఉషారుగా చేస్తారు. అయ్యాక ఫోన్లలో పాత పెయిరింగ్‌లు తీసేయండి, లేకపోతే మళ్లీ అదే గోల.

ఇంకా రెండు చూసుకో. ఊనోకు కోడ్ ఎక్కించేటప్పుడు బ్లూటూత్ వైర్లు 0, 1 పిన్నుల్లో ఉంటే అప్‌లోడ్ ఎర్రర్ వస్తుంది, పీకి ఎక్కించి మళ్లీ పెట్టాలి. మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు (డేటా అందుకునే పిన్ను) ఊనో 5 వోల్టులు నేరుగా ఇవ్వకుండా రెండు రెసిస్టర్లతో తగ్గించి ఇస్తే ఎక్కువ రోజులు బతుకుతుంది. ఎవరైనా ఇంట్లోంచి ఐఫోన్ తెస్తే దాంతో హెచ్‌సీ-05 కలవదు, ముందే చెప్పు, మ్యాచ్ రోజు ఏడుస్తారు.