సాలూరులో 33, తెల్లవారేసరికి 28: చలికాలంలో టైర్ల గాలి గురించి చర్చ

సిమిలిగుడ ఉద్యోగి: మొన్న ఆదివారం విజయనగరం నుంచి వస్తూ, మధ్యాహ్నపు ఎండలో సాలూరులో ఆగి నాలుగు టైర్లకూ 33 పీఎస్‌ఐ పెట్టించి, ఘాటీ ఎక్కి ఇల్లు చేరాను. సోమవారం తెల్లవారుజామున అద్దం మీది మంచు తుడిచి, నా సొంత గేజితో చూస్తే మూడు టైర్లలో 28, ఎడమవైపు వెనక టైరులో 25 మాత్రమే ఉన్నాయి. ఇది చలి ప్రభావమా, పంక్చరా? ఈ రెండు నెలలూ ఎంత పెట్టించాలి? స్టెప్నీకి కూడా అంతేనా? నైట్రోజన్ వల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా?

కిన్వట్ కాంట్రాక్టరు: నైట్రోజన్ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఒక దుకాణదారుడు "చలికైనా ఎండకైనా ఇది కదలదు" అని నమ్మబలికి నా చేత నాలుగు టైర్లకూ డబ్బు కట్టించుకున్నాడు. పుష్యమాసపు చలిలో ఒక ఉదయం చూసుకుంటే, మామూలు గాలి నింపిన మా బావమరిది బండిలో ఎంత తగ్గిందో నా బండిలోనూ అంతే తగ్గింది. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నప్పుడు, మిగిలిన దానికి డబ్బు పోసి ఏం కొన్నానో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఘాటీ సారథి: రాయగడ, కోరాపుట్, జయపురం దారుల్లో 22 సంవత్సరాలుగా అద్దె బండి నడుపుతున్నాను. కాంట్రాక్టరు గారికి పాత గాలి తీయకుండా పైపైన నింపి ఉంటారు. ఇక ఉద్యోగి గారి విషయానికి వస్తే, కొండ మీద గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఘాటీ ఎక్కితే టైరులోనూ గాలి తగ్గుతుంది. ఇందులో వింత ఏమీ లేదు.

బరంపురం మాస్టారు: సారథి గారు విషయాన్ని తలకిందులు చేశారు. గేజి చూపేది లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడాను. సిమిలిగుడ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ బయటి ఒత్తిడి సాలూరు కంటే ఒక పీఎస్‌ఐకి పైగా తక్కువ, అంటే ఎత్తు వల్ల గేజి పెరగాలే తప్ప తగ్గకూడదు. తగ్గించినది వేడిలోని తేడాయే. ఎండలో పరుగెత్తి వచ్చిన టైరులో గాలి 50 డిగ్రీలు, తెల్లవారుజామున 7 డిగ్రీలు అనుకుని లెక్క కట్టండి, సరిగ్గా 28 వస్తుంది. ఎత్తు ఆదుకోకపోతే 27 కూడా ఉండేది కాదు. నైట్రోజన్‌కైనా ఇదే లెక్క.

ఘాటీ సారథి: మాస్టారి లెక్కలు నా టైర్లకు తెలియవు. ఘాటీ మధ్యలో టీ తాగడానికి ఆగినప్పుడు గేజి 37, 38 చూపితే కొంత గాలి వదిలేసి సాగిపోవడం నా పద్ధతి, ఇన్నేళ్లలో ఒక్క టైరు కూడా పేలలేదు.

బరంపురం మాస్టారు: టైర్లకు తెలియకపోయినా గేజికి తెలుసు, నాయనా. మీరు వదిలిన గాలి మరునాడు ఉదయం ఎవరు తెచ్చి ఇస్తారు?

పర్లాకిమిడి: మాస్టారు వేళాకోళంగా అన్నా, నేను అనుభవించి చెబుతున్నాను. వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరగడం సహజమని తెలియక, ఆర్. ఉదయగిరి వెళ్లిన ప్రతిసారీ మా డ్రైవరు గాలి తీయించేవాడు. ముందు టైర్లు రెండూ రెండు అంచుల దగ్గర అరిగి, నడుమ మాత్రం కొత్తవాటిలా మిగిలాయి. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న తరువాతే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద ఉంటుంది, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటి అంకె కూడా సాధారణంగా అక్కడే వేరుగా రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె దాటకూడని హద్దు మాత్రమే.

కిన్వట్ కాంట్రాక్టరు: అది సరే, నా డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేమి?

ఘాటీ సారథి: నైట్రోజన్‌లో తేమ ఉండదు, రిమ్ము తుప్పు పట్టదు. ఆ మాత్రం ఫలితం మీకు దక్కింది.

బరంపురం మాస్టారు: ఈ ఒక్క మాటలో సారథి గారితో నాకు పేచీ లేదు.

సిమిలిగుడ ఉద్యోగి: మా తలుపు చీటీ మీద కూడా 33 అనే ఉంది. అందుచేత ఈ రోజు ఉదయం బండి కదపకముందే, కాలితో తొక్కే పంపుతో మూడు టైర్లకూ 33 పెట్టాను. 25 ఉన్న టైరు వాల్వు మీద సబ్బు నురుగు రాస్తే బుడగలు వచ్చాయి. పంక్చరు షాపులో వాల్వు పిన్ను మార్చారు. నాలుగింటిలో మూడు ఒకే అంకె చూపి, ఒకటి మాత్రమే తక్కువ చూపినప్పుడు అది చలి కాదని నాకు ముందే తట్టవలసింది. ఇంతకీ స్టెప్నీ గురించి ఒక్కరూ చెప్పలేదు.

ఘాటీ సారథి: మీరు అడిగిన తరువాత గుర్తుకు వచ్చింది, దసరా నుంచి నేను నా స్టెప్నీ చూడలేదు. డిక్కీలో ప్రయాణికుల సామాను ఉంది, దింపిన తరువాత చూసి చెబుతాను.