‘గూస్‌బంప్స్’ అన్న చోట పులకింతా, గగుర్పాటా? ‘ఛావా’ సమీక్షల మీద ఒక మాట

‘ఛావా’ చిత్రపు సమీక్షల్లో ‘చివరి అరగంట గూస్‌బంప్స్’ అన్న మాట పదే పదే కనిపిస్తున్నదనీ, దీనికి తెలుగులో ఏ మాట వాడాలనీ మన సభ్యులొకరు అడిగారు. ‘పులకింత’ అని ఒకరు, ‘రోమాంచం’ అని మరొకరు జవాబిచ్చారు. ఆ రెండూ తప్పని అనను గాని, ఆ చివరి అరగంటకు మాత్రం పులకింత ఎంతమాత్రమూ పొసగదని నా అభిప్రాయం.

సినిమా పేరు సంగతి ముందుగా ముగిస్తాను. సంస్కృతంలోని ‘శాబం’, ‘శావకం’ ప్రాకృతంలో ‘ఛావ’ అయి, మరాఠీలో ‘ఛావా’గా నిలిచింది. మనం ‘సింహశాబకం’ అనేది, అచ్చతెలుగులో ‘కొదమసింహం’ అనేది ఇదే. హిందీ ప్రేక్షకులకు సైతం ఈ మాట అంతగా పరిచయం లేదు కాబట్టే, శివాజీ సింహమైతే ఆయన బిడ్డ ఛావా అని ఆ చిత్రం తన సంభాషణల్లోనే అర్థం చెప్పుకోవలసి వచ్చింది. శివాజీ సావంత్ మరాఠీ నవల ఆధారంగా లక్ష్మణ్ ఉతేకర్ తీసిన ఈ చిత్రం 2025 ఫిబ్రవరి 14న హిందీలోనూ, మార్చి 7న తెలుగు అనువాదంగానూ విడుదలైంది.

వసూళ్ళు వందల కోట్లు దాటినా విమర్శకులు మాత్రం ఒక్క మాట మీద నిలవలేదు. శివాజీ కుమారుడు శంభాజీగా విక్కీ కౌశల్‌ను, ఔరంగజేబుగా అక్షయ్ ఖన్నా చూపిన నిగ్రహాన్ని మెచ్చుకున్నవారే, నేపథ్య సంగీతపు హోరునూ, మొదటి సగంలో కుదురులేని కథనాన్నీ, శంభాజీ భార్య యేసుబాయి వంటి పాత్రలకు తగినంత చోటు దక్కకపోవడాన్నీ ఎత్తిచూపారు. అసలు తగవు వచ్చింది చివరి భాగం దగ్గర. సంగమేశ్వరంలో మొగలులకు పట్టుబడిన శంభాజీని ఔరంగజేబు చిత్రహింసలు పెట్టి 1689 మార్చి 11న చంపించిన ఘట్టాన్ని తెర మీద అంతసేపు, అంత దగ్గరగా చూపడం వీరత్వానికి నివాళి అని కొందరూ, నెత్తుటి మీద మోజు అని మరికొందరూ రాశారు. విచిత్రమేమంటే ఈ రెండు పక్షాలవారూ తమ అనుభవానికి ‘గూస్‌బంప్స్’ అన్న ఒకే మాట వాడుకోగలరు. ఈకలు పీకిన బాతు చర్మంతో పోలిక తెచ్చిన ఆ ఇంగ్లీషు మాట, ఒంటి మీద ఏం జరిగిందో చెబుతుంది గాని ఎందుకు జరిగిందో చెప్పదు.

సంస్కృతం కూడా ఆ కారణాన్ని మాటలో బిగించి పెట్టలేదు. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసు కదిలినప్పుడు ఒంటి మీద తమంతట తామే కనబడే మార్పుల్లో, ఒకటిగా రోమాంచాన్ని లెక్కించి, స్పర్శ, భయం, శీతం, హర్షం, క్రోధం, రోగం అని దాని కారణాలను చెప్పాడు. (స్వరభేదం, అంటే గొంతు మారిపోవడం కూడా ఆ ఎనిమిదింటిలోనిదే, ఈ చిత్రంలో అది అరుపుల వల్ల పుట్టిందని గిట్టనివారు అనవచ్చు.) భగవద్గీతలో మొదటి అధ్యాయంలో బంధువులను ఎదురుగా చూసి ఒళ్ళు వణికిన అర్జునుడు ‘రోమహర్షశ్చ జాయతే’ అంటాడు, పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణార్జున సంవాదం విన్న సంజయుడు దానిని ‘అద్భుతం రోమహర్షణమ్’ అంటాడు. ఒకచోట విషాదం, మరొకచోట ఆశ్చర్యం, మాట మాత్రం ఒక్కటే. ‘హర్షం’ అని వినబడుతున్నది కదా అని సంతోషమే అనుకోరాదు, ఎందుకంటే ఆ ధాతువుకు వెంట్రుకలు నిక్కడమనే అర్థం కూడా ఉన్నది.

తెలుగు వాడుక ఇక్కడే వేరు దారి పట్టింది. పులకింతను మనం సంతోషానికీ, భక్తికీ, ప్రేమకూ కేటాయించుకున్నాం. తొలకరికి నేల పులకిస్తుంది, బిడ్డను ఎత్తుకున్న తల్లి మేను పులకిస్తుంది. పోతన సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు ఆనందబాష్పాలతో, పులకలతో, కళ్ళు మూసుకొని ఒకచోట ఊరక నిలిచిపోతాడు. కళ్ళలో కాల్చిన కమ్మీలు దించే దృశ్యాన్ని చూసి ‘పులకించిపోయాం’ అని రాస్తే, రాసినవారు ఎవరి పక్షమో చదివేవారికి అనుమానం రావాలి! జలదరింపు ఇందుకు పూర్తిగా ఆవలి ఒడ్డున ఉన్నది; అందులో భయమూ రోతా కలిసి ఉంటాయి, మెచ్చుకోలు మచ్చుకైనా ఉండదు.

ఈ రెండింటి నడుమ నిలబడేది గగుర్పాటు. పాత నిఘంటువులు దీనికి పులకింత, రోమాంచం అనే అర్థాలే ఇస్తాయి గాని, నేటి వాడుకలో ‘ఒళ్ళు గగుర్పొడిచే ప్రమాదం’ అనీ అంటాం, ‘ఒళ్ళు గగుర్పొడిచే విన్యాసాలు’ అనీ అంటాం. మొదటిదానిలో భయం మాత్రమే ఉన్నది, రెండవదానిలో భయంతోపాటు అబ్బురం కూడా ఉన్నది. నాలుక కోసినా లొంగని మనిషిని చూసినప్పుడు కలిగేది సరిగ్గా ఈ కలగలుపే కాబట్టి, ఆ అరగంటను మెచ్చినవారికీ మెచ్చనివారికీ ఇదే తగిన మాట. అయితే అదే చిత్రంలో శంభాజీ, కవి కలశుడు సంకెళ్ళలో ఉండి కవితతో ఒకరికొకరు బదులిచ్చుకునే చోటును మాత్రం గగుర్పాటు అనను. సంస్కృతంలో ‘బుధభూషణం’ అనే గ్రంథం రాసిన రాజు, అతని కవిమిత్రుడు మాటతోనే ఎదిరిస్తున్న ఘట్టమది. అక్కడ రోమాంచం అంటే చాలు. ఇక ఆరంభంలో బుర్హాన్‌పూర్ దాడిలో కథానాయకుడు సింహంతో తలపడే దృశ్యానికి ఈ మాటల్లో ఏదీ వాడనక్కరలేదు, ‘ఈలలు పడ్డాయి’ అంటే సరిపోతుంది.

కొందరు సమీక్షకులు ‘గగుర్పొడిచే’లోని ‘పొడిచే’ను కత్తిపోటు అనుకొని, రక్తపాతం ఉన్న సన్నివేశాలకే దానిని కట్టిపెడుతున్నారు. ఆ ‘పొడుచు’ కత్తితో పొడవడం కాదు, పొద్దు పొడవడంలోని ‘పొడుచు’. పైకి లేవడం, మొలవడం అని దాని అర్థం. ‘వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం’లో ఉన్నదీ అదే. ‘గగుర్పాటు’లోని ‘పాటు’ మాత్రం తడబాటు, ఏమరుపాటులలో వలె ‘పడు’ నుంచి వచ్చింది.

తరువాత చేర్చినది: సమీక్షకు శీర్షిక పెట్టేటప్పుడు ఇంత విచక్షణకు తీరిక ఉండదనీ, ‘గూస్‌బంప్స్’ కురచగా ఉండి చోటు కలిసివస్తుందనీ ఒక పాత్రికేయ మిత్రులు కింద రాశారు. వారి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. కాని ‘గగుర్పాటు’ నాలుగక్షరాల మాట. అచ్చులో ‘గూస్‌బంప్స్’ అంతకన్నా తక్కువ చోటేమీ తీసుకోదు, పైగా ఆ పొల్లులు రెండింటినీ మన అక్షరాల్లో కుదురుగా కూర్చడమే కష్టం.