సి7హెచ్16 కి ఐసోమర్లు తొమ్మిదా, పదకొండా?

ప్రశ్న (ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, విజయవాడ):
సార్, సి7హెచ్16 ఐసోమర్లన్నీ (అదే ఫార్ములా ఉన్న వేర్వేరు పదార్థాలు) రాస్తే నాకు 11 వచ్చాయి. కీలో 9 అని ఉంది. నేను రాసినవి: హెప్టేన్, 2-మిథైల్‌హెక్సేన్, 3-మిథైల్‌హెక్సేన్, 2,2-, 2,3-, 2,4-, 3,3-, 3,4-డైమిథైల్‌పెంటేన్లు, 2-ఇథైల్‌పెంటేన్, 3-ఇథైల్‌పెంటేన్, 2,2,3-ట్రైమిథైల్‌బ్యూటేన్. వీటిలో ఏవి కొట్టేయాలి? ఆదివారం టెస్టులో ఈ చాప్టరే, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కెమిస్ట్రీ లెక్చరర్, గుంటూరు):
ఉండాల్సిన తొమ్మిదీ నీ లిస్టులో ఉన్నాయి నాన్నా, ఒక్కటీ వదల్లేదు. మిగతా రెండూ ఉన్నవే, వేరే పేరుతో మళ్లీ వచ్చాయి.

2-ఇథైల్‌పెంటేన్ చూడు. అడ్డంగా ఐదు కార్బన్లు వేసి, రెండోదాని కింద ఇథైల్ తగిలించి ఉంటావు. ఇప్పుడు ఆ ఇథైల్ చివర నుంచి లెక్కపెట్టు. దానివి రెండు, అక్కడి నుంచి కుడి చివరిదాకా నాలుగు, మొత్తం ఆరు. అంటే మెయిన్ చైన్ హెక్సేన్. ఎడమవైపు మిగిలిన ఒక్క కార్బన్ మూడో స్థానంలో మిథైల్ అవుతుంది. అది 3-మిథైల్‌హెక్సేనే. చైన్ వంపు తిరిగినా పర్లేదు, అన్నిటికన్నా పొడవైనదే మెయిన్ చైన్. ఆల్కేన్ (ఇలా కార్బన్ల మధ్య ఒంటి బంధాలే ఉన్న హైడ్రోకార్బన్) పేరులో 1-మిథైల్, 2-ఇథైల్, 3-ప్రొపైల్ అని వచ్చిందంటే చైన్ తప్పు పట్టుకున్నట్టే, మళ్లీ లెక్కపెట్టుకో.

3,4-డైమిథైల్‌పెంటేన్‌కి రెండో చివర నుంచి నంబర్లు వేస్తే 2,3 వస్తుంది. అదీ పోయింది.

టెస్టులో చైన్ తగ్గించుకుంటూ వెళ్లు. ఏడు కార్బన్ల చైన్‌తో 1, ఆరుతో 2, ఐదుతో 5, నాలుగుతో 1. మూడు కార్బన్ల చైన్‌తో కుదరదు. మధ్య కార్బన్‌కి రెండు మిథైల్స్ మించి పట్టవు కాబట్టి మొత్తం ఐదు కార్బన్ల దగ్గరే ఆగిపోతుంది. గీసిన ప్రతిదానికీ వెంటనే పేరు రాయి. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటి కొట్టేయ్.

ప్రశ్న:
థాంక్యూ సార్. కానీ మా రూమ్మేట్ గైడ్‌లో 11 అనే ఉంది!

జవాబు:
అది వేరే లెక్క. 3-మిథైల్‌హెక్సేన్‌లో మూడో కార్బన్‌కి హైడ్రోజన్, మిథైల్, ఇథైల్, ప్రొపైల్ అని నాలుగూ వేర్వేరు గ్రూపులు. 2,3-డైమిథైల్‌పెంటేన్‌లో మూడో కార్బన్ కూడా అంతే, ప్రొపైల్ బదులు ఐసోప్రొపైల్. అవి కైరల్ కార్బన్లు. ఒక్కోదానికి ఎడమ చెయ్యి, కుడి చెయ్యి లాంటి రెండు రూపాలుంటాయి. వాటినీ కలిపితే 9 కాస్తా 11 అవుతుంది. నీ పదకొండుకీ దానికీ సంబంధం లేదు. ప్రశ్నలో నిర్మాణ ఐసోమర్లు అంటే 9, స్టీరియో ఐసోమర్లతో కలిపి అంటే 11.

మరొకరి ప్రశ్న (గుంటూరు):
మేష్టారూ, 3-ఐసోప్రొపైల్‌పెంటేన్ అని రాస్తే మార్కులు ఇవ్వలేదు. చైన్ ఐదే కదండీ?

జవాబు:
ఐదేనండి, కానీ ఐదు కార్బన్ల చైన్ అందులో రెండు రకాలుగా దొరుకుతుంది. పొడవు సమానమైతే ఎక్కువ శాఖలున్న చైన్ తీసుకోవాలి. ఐసోప్రొపైల్ గుండా వెళ్లే చైన్‌కి రెండు శాఖలు వస్తాయి: రెండో కార్బన్ మీద మిథైల్, మూడోదాని మీద ఇథైల్. కాబట్టి సరైన పేరు 3-ఇథైల్-2-మిథైల్‌పెంటేన్. ఇంగ్లిష్ అక్షర క్రమం ప్రకారం ఇథైల్ ముందు రాస్తాం. అంతమాత్రాన దానికి చిన్న నంబరు ఇవ్వనక్కర్లేదు.